గాలితో నిలబడే ప్లాస్టిక్ శిల్పాలు: మీ ఏనుగు కాళ్ళు ఎందుకు మడతపడ్డాయి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకొని, ఆ తర్వాత సమాధానంలోకి వెళతాను. బజారులో కొన్న పాలిథిన్ షీటును కత్తిరించి, ప్యాకింగ్ టేపుతో అతికించి, ఆరడుగుల ఎత్తున ఏనుగును చేశారు. టేబుల్ ఫ్యాన్ పెట్టి గాలి నింపితే ఒళ్ళు బాగానే ఉబ్బింది కానీ, ముందుకాళ్ళు మడతపడి బొమ్మ ముందుకు వాలిపోయింది. తొండం మీరు గీసినదానికన్నా ఎక్కువగా లోపలికి చుట్టుకుపోయి ముడతలు పడింది. అరగంట గడిచేసరికి పొట్ట కింది అతుకు విడిపోయింది. ఏ షీటు కొనాలి, దేనితో అతకాలి, ఎలాంటి ఫ్యాన్ పెట్టాలి, కాగితం మీద గీసిన ఆకారానికీ గాలి నిండిన ఆకారానికీ ఇంత తేడా ఎందుకు వస్తోంది అని అడిగారు.

విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్ళుగా నేను నాటకాలకూ, బడుల వార్షికోత్సవాలకూ, చిత్రకళా ప్రదర్శనలకూ ఇలాంటి గాలి బొమ్మలు చేస్తున్నాను. మీకు ఎదురైన మూడు ఇబ్బందులూ మొదటి రెండేళ్ళలో నాకూ ఎదురయ్యాయి. అప్పట్లో షీటు మార్చి చూశాను, టేపు మార్చి చూశాను, ఇంకా పెద్ద ఫ్యాన్ తెచ్చి చూశాను. అవన్నీ కొంతవరకే పనిచేశాయి. గాలికి గుండ్రంగా ఉబ్బడం తప్ప మరో స్వభావం లేదు, పాలిథిన్ షీటు మనం ఇచ్చే కొద్దిపాటి ఒత్తిడికి సాగదు. ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించి కొలతలు వేసుకున్నప్పుడే బొమ్మ మనం అనుకున్నట్టు నిలుస్తుంది. అందుకే నా సమాధానంలో సామాను సంగతికన్నా కొలతల సంగతే ఎక్కువగా ఉంటుంది.

ముందు కాళ్ళ సంగతి చూద్దాం. గాలి నిండిన గొట్టం నిలువుగా ఎంత బరువు మోయగలదన్నది చాలా తేలికైన లెక్క. లోపలి ఒత్తిడిని గొట్టం అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే దాని శక్తి, అంతకుమించి బరువు పడితే గొట్టం గోడ ముడతపడి కూలిపోతుంది. టేబుల్ ఫ్యాన్ మూసి ఉన్న సంచిలోకి గాలి నెడితే వచ్చే ఒత్తిడి (దాన్ని పాస్కల్స్ అనే కొలమానంలో చెబుతారు) కొన్ని పదుల పాస్కల్స్‌కు మించదు, మీ విషయంలో 30 అనుకుందాం. మీ కాలు వ్యాసం 20 సెంటీమీటర్లని రాశారు. ఆ లెక్కన ఒక్కో కాలు మోయగలిగేది 96 గ్రాములు, నాలుగు కాళ్ళూ కలిసి 384 గ్రాములు. ఆరడుగుల ఏనుగుకు దాదాపు 10 చదరపు మీటర్ల షీటు పడుతుంది, 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం షీటయితే అదే 460 గ్రాములు, టేపు బరువు కలిస్తే అర కిలో దాటుతుంది. పైగా తల, తొండం, చెవులు ముందువైపే ఉండటంవల్ల బరువు నాలుగు కాళ్ళ మీదా సమంగా పడలేదు. ముందుకాళ్ళు కూలిపోవడం ఫ్యాన్ లోపమూ కాదు, మీ చేతిపని లోపమూ కాదు.

ఇప్పుడు అదే కాలు వ్యాసాన్ని 36 సెంటీమీటర్లు, అంటే 14 అంగుళాలు చేయండి. ఒత్తిడి అంతే ఉన్నా ఒక్కో కాలు 310 గ్రాములు మోస్తుంది. పక్కకు వంగకుండా నిలబడే శక్తయితే వ్యాసార్ధపు ఘనంతో పెరుగుతుంది. అంటే, గొట్టాన్ని రెండింతలు లావు చేస్తే అది ఎనిమిది రెట్లు గట్టిగా నిలుస్తుంది, అదే ఒత్తిడిని రెండింతలు చేస్తే రెండు రెట్లే గట్టిపడుతుంది. గాలి శిల్పాలు చేసేవారు మొట్టమొదట వంటబట్టించుకోవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. సన్నటి కాళ్ళ కొంగను, జింకను గాలితో నిలబెట్టాలని ప్రయత్నించకండి. ఏనుగు, తాబేలు, ఎలుగుబంటి, గుమ్మడికాయ లాంటివి ఈ పద్ధతికి నప్పే ఆకారాలు. సన్నని భాగం తప్పనిసరైతే దాన్ని పైనుంచి దారంతో వేలాడదీయడమే మేలు.

ఒత్తిడిని ఊహించుకోవలసిన పని లేదు, కొలవవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన పైపు ఉంటుంది కదా, అది రెండు మీటర్లు కొనుక్కోండి. దాన్ని ఒక చెక్కకు ఆంగ్ల అక్షరం ‘యు’ ఆకారంలో బిగించి, సగం వరకు రంగు కలిపిన నీళ్ళు పోయండి. ఒక కొసను బొమ్మ లోపలికి దూర్చి చుట్టూ టేపు వేయండి, రెండో కొసను బయటికి వదిలేయండి. రెండు వైపుల నీటిమట్టాల మధ్య తేడా ఒక మిల్లీమీటరు ఉంటే ఒత్తిడి దాదాపు 10 పాస్కల్స్ అన్నమాట. మూడు మిల్లీమీటర్ల తేడా కనిపిస్తే 30, ఐదు కనిపిస్తే 50. నా దగ్గర ఉన్న ప్రతి ఫ్యాన్ మీదా, ప్రతి బ్లోయర్ మీదా ఈ అంకెను రంగుతో రాసి ఉంచుకున్నాను. కొత్త బొమ్మకు కొలతలు వేసేటప్పుడు నేను ముందుగా చూసేది ఆ అంకెనే.

టేబుల్ ఫ్యానుకు ఇంకో బలహీనత కూడా ఉంది. దాని రెక్కల కొసలు గాలిని ముందుకు బలంగా నెడతాయి కానీ, మధ్య భాగంలో అంత బలం ఉండదు. సంచిలో ఒత్తిడి పెరగగానే ఆ మధ్యలోంచీ, రెక్కలకూ జాలీకీ మధ్య ఉన్న సందులోంచీ గాలి వెనక్కి వచ్చేస్తుంది. అగరుబత్తి పొగను ఫ్యాన్ ముందు కాకుండా వెనక పట్టి చూస్తే ఈ సంగతి కళ్ళకు కనిపిస్తుంది. అట్టపెట్టెను గుండ్రంగా కత్తిరించి రెక్కల అంచుకు వీలైనంత దగ్గరగా ఉండేలా జాలీ చుట్టూ బిగిస్తే, మధ్యలో చిన్న అట్ట బిళ్ళను కట్టేస్తే, అదే ఫ్యాన్ ఇంకొంచెం ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. అయితే ఇలా గాలి అడ్డుపడిన ఫ్యాన్ మోటారు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి, గంటకోసారి చేత్తో తాకి చూడండి. నత్తగుల్ల ఆకారంలో ఉండే చిన్న బ్లోయర్ దొరికితే ఈ ఇబ్బందులేవీ ఉండవు. పిల్లలు గెంతే గాలి కోటలకు వాడే పెద్ద బ్లోయర్‌ను మాత్రం పలుచని షీటుకు నేరుగా తగిలించకండి. అది 1000 పాస్కల్స్ దాకా ఇవ్వగలదు. ఒక మీటరు వ్యాసం ఉన్న గొట్టంలో అంత ఒత్తిడి ఉంటే షీటు ప్రతి మీటరు వెడల్పు మీదా దాదాపు 50 కిలోల లాగుడు పడుతుంది, 50 మైక్రాన్ల షీటు సాగి తెల్లబడటం మొదలయ్యేది సుమారుగా అక్కడే.

షీటు మీద పడే లాగుడు ఒత్తిడిమీదే కాక ఆకారం పరిమాణం మీద కూడా ఆధారపడి ఉంటుందని పై లెక్కలోనే తెలుస్తుంది. ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చేదే ఆ లాగుడు. చిన్న నమూనాలో చక్కగా నిలిచిన అతుకు అదే షీటుతో, అదే ఒత్తిడితో పెద్ద బొమ్మ చేసినప్పుడు ఎందుకు తెగుతుందో అందుకే అర్థమవుతుంది. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇది తప్పలేదు. 1968లో జర్మనీలోని కాసెల్ నగరంలో డాక్యుమెంటా అనే కళా ప్రదర్శన కోసం కళాకారుడు క్రిస్టో 85 మీటర్ల ఎత్తున ఒక గాలి స్తంభాన్ని నిలబెట్టారు. మొదటి ప్రయత్నంలో పాలిథిన్ తొడుగు చిరిగిపోయింది. చివరికి పూత పూసిన గట్టి పాలిస్టర్ గుడ్డతో తొడుగు కుట్టించి, క్రేన్ల సాయంతో నిలపవలసి వచ్చింది. కాబట్టి మీ ఏనుగును రెండింతలు పెద్దది చేయాలనుకుంటే షీటు మందాన్ని కూడా రెండింతలు చేయాలని గుర్తుంచుకోండి.

ఇక గీసిన ఆకారానికీ వచ్చిన ఆకారానికీ ఉన్న తేడా గురించి చెబుతాను. ఒక మీటరు వ్యాసంతో రెండు గుండ్రటి బిళ్ళలు కత్తిరించి, అంచుల వెంబడి అతికించి గాలి నింపి చూడండి. గాలి నిండాక దాని వ్యాసం మీటరు ఉండదు, 76 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. మధ్యలో మందం 46 సెంటీమీటర్లు వస్తుంది. అంచు చుట్టూ పావడా కుచ్చిళ్ళలా ముడతలు పడతాయి. షీటు సాగదు కాబట్టి మధ్యభాగం ఉబ్బడానికి కావలసిన పొడవును అంచుల నుంచే లాక్కుంటుంది, లోపలికి జరిగిన అంచుకు తన పాత చుట్టుకొలత ఎక్కువైపోయి అది ముడతలుగా మారుతుంది. అదే రెండు పొడవాటి పట్టీలను అంచుల వెంట అతికి గొట్టం చేస్తే, పరిచినప్పటి వెడల్పులో 64 శాతమే వ్యాసంగా మిగులుతుంది. దుకాణాల్లో చుట్టలుగా దొరికే పాలిట్యూబు (అతుకు లేని పాలిథిన్ గొట్టం) పరిచినప్పుడు 22 అంగుళాల వెడల్పు ఉంటే, గాలి నిండాక సరిగ్గా 14 అంగుళాల లావు కాలు అవుతుంది. మీ కొత్త ఏనుగు కాళ్ళకు దాన్నే వాడండి, నిలువు అతుకుల పని పూర్తిగా తప్పిపోతుంది.

ఏనుగు ఒంటికి రెండు ముక్కల పద్ధతి పనికిరాదు. ఖర్బూజా పండు మీద చారలు ఉన్నట్టుగా ఎనిమిది చీలికలుగా కత్తిరించాలి. ఒంటి వ్యాసం 120 సెంటీమీటర్లు కావాలనుకుంటే చుట్టుకొలత 377 సెంటీమీటర్లు అవుతుంది. అందులో సగం, అంటే 188 సెంటీమీటర్లు, ఒక్కో చీలిక పొడవు. ఎనిమిదో వంతు, అంటే 47 సెంటీమీటర్లు, చీలిక మధ్యలో వెడల్పు. కొసనుంచి మొత్తం పొడవులో ఆరో వంతు దూరం వచ్చేసరికి వెడల్పు 23 సెంటీమీటర్ల పైచిలుకు, నాలుగో వంతు దూరంలో 33, మూడో వంతు దూరంలో 41 ఉండాలి. ఈ గుర్తులన్నిటినీ కలుపుతూ చేతితో నున్నగా గీత గీయండి. ప్రతి అంచుకూ అతుకు కోసం రెండు సెంటీమీటర్లు అదనంగా వదలండి. ఒక చీలికను గట్టి అట్ట మీద కత్తిరించి ఉంచుకుంటే, మిగిలిన ఏడింటికీ అదే అచ్చు. ఎనిమిది కొసలు ఒకేచోట కలిసే పైభాగాన, కిందిభాగాన అతకడం కష్టం కాబట్టి, అక్కడ అరచేయంత రంధ్రం వదిలి, చివరగా ఒక గుండ్రటి బిళ్ళతో మూసేయడం మంచిది.

తొండం విషయంలో మీరు చేసింది అందరూ చేసే పొరపాటే. వంపు తిరిగిన ఆకారాన్ని రెండు షీట్ల మీద చదునుగా గీసి, రెండు అంచులూ అతికారు. గాలి నిండగానే రెండు అతుకులూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. వంపు బయటివైపున ఉన్న అతుకు లోపలికి జరుగుతుంది కానీ దాని పొడవు తగ్గదు. ఆ మిగులు పొడవు కొంత ముడతలుగానూ, కొంత అదనపు వంపుగానూ బయటపడుతుంది. అందువల్లే తొండం మీరు గీసినదానికన్నా ఎక్కువగా చుట్టుకుంది. రేకు పనివాళ్ళు గొట్టానికి మోచేయి వంపు ఎలా తీస్తారో చూసే ఉంటారు. చిన్న చిన్న గొట్టపు ముక్కలను ఏటవాలుగా కోసి ఒకదానికొకటి అతుకుతారు. మనమూ అదే చేయాలి. తొండం లావు 20 సెంటీమీటర్లు ఉండి, అది 90 డిగ్రీలు తిరగాలంటే, నాలుగు అతుకులతో ఐదు ముక్కలు చేస్తే సరిపోతుంది. ఒక్కో అతుకు దగ్గర 22.5 డిగ్రీల మలుపు వస్తుంది. ముక్కను పరిచి చూసినప్పుడు దాని కోత అంచు తిన్నని గీతగా ఉండదు, అల లాగా రెండు సెంటీమీటర్లు పైకీ రెండు సెంటీమీటర్లు కిందికీ ఉంటుంది. అల ఎత్తుగా ఉన్న వైపు తొండం వెలుపలి వంపులోకి వస్తుంది. ఇది ఓపికతో కూడిన పని. అయినా తొండం నున్నగా తిరిగినప్పుడు కలిగే సంతోషం ఆ శ్రమకు తగినదే. చెవులు మాత్రం పలకల్లా చదునుగా ఉండాలి కాబట్టి, వాటిని రెండు షీట్లతోనే చేసి, లోపల నాలుగైదు చోట్ల చిన్న చిన్న గీతలుగా రెండు పొరలనూ కలిపి అతికేయండి. గాలి పరుపులు ఉబ్బి గుండ్రం కాకుండా ఉండేది ఈ ఉపాయంతోనే.

షీటు ఎంపికకు వద్దాం. మీకు కావలసింది ఎల్‌డీపీఈ అనే మెత్తటి పాలిథిన్. దుకాణదారులు దీన్ని గేజుల్లో చెబుతారు, 100 గేజులంటే 25 మైక్రాన్లు. అమ్మేది కిలోల లెక్కన కాబట్టి ముందుగానే లెక్క వేసుకోండి: 50 మైక్రాన్ల షీటు కిలోకు దాదాపు 21 చదరపు మీటర్లు వస్తుంది. దేశంలో 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం ప్లాస్టిక్ షీటు సాధారణంగా 50 మైక్రాన్లకన్నా పలుచగా ఉండకూడదు. చేతిసంచులకయితే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్న నిబంధన ఉంది. కాబట్టి గదిలో పెట్టే బొమ్మలకు 50, ఆరుబయట పెట్టేవాటికి 100 మైక్రాన్లు వాడండి. పీవీసీ షీటును మాత్రం తీసుకోకండి, అది వేడి తగిలితే ఘాటైన హానికర వాయువును వదులుతుంది. ఏది పాలిథినో ఏది పీవీసీయో తెలియకపోతే చిన్న ముక్క కత్తిరించి, వేళ్ళతో తడిపి గాలి బుడగలు లేకుండా నీళ్ళలో ముంచి వదలండి. పాలిథిన్ పైకి తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. కాల్చి చూసే పరీక్ష చేయవద్దు.

కొత్త షీటు కొనడం నాకు ఇప్పుడు అంతగా ఇష్టం లేదు. ఒక ప్రదర్శన కోసం పది కిలోల ప్లాస్టిక్ కొని, అది అయిపోగానే చెత్తలో వేయడం నాకే బాధనిపించింది. మన దగ్గర మిర్చికీ, పుచ్చకూ మల్చింగ్ కోసం, అంటే మొక్కల చుట్టూ నేలను కప్పడానికి, పరిచే వెండి–నలుపు రంగు షీటు పంట తీశాక ఊళ్ళల్లో కుప్పలుగా పడి ఉంటుంది. అది 25, 30 మైక్రాన్లే కాబట్టి పలుచన, మొక్కల కోసం చేసిన రంధ్రాలూ ఉంటాయి, అయినా కడిగి ఆరబెట్టి రెండు పొరలుగా వాడితే గదిలో పెట్టే బొమ్మకు సరిపోతుంది. రంధ్రాల మీద వేరే రంగు బిళ్ళలు అతికితే అదే ఒక అలంకారం అవుతుంది. ప్లాస్టిక్ కప్పు కింద పంటలు పెంచే పాలీహౌసుల పైనుంచి తీసేసిన 200 మైక్రాన్ల షీటు బరువైనది, మనుషులు లోపలికి వెళ్ళి నిలబడే గుమ్మటానికి బాగుంటుంది. అర్జెంటీనా కళాకారుడు తోమాస్ సారసేనో 2007లో మొదలుపెట్టిన ‘మ్యూజియో ఏరో సోలార్’లో జనం వాడి పారేసిన సంచులనే సేకరించి, విప్పి, ఒకదానికొకటి అతికి, ఎండ వేడితో పైకి లేచే పెద్ద బెలూనును చేశారు. ఒక్కో సంచి మీద ఉన్న దుకాణం పేరూ, బొమ్మా అలాగే కనిపిస్తూ ఉంటాయి. నాకు ఎక్కువ ఇష్టమైన పని అదే.

మీ అతుకు ఎందుకు విడిపోయిందో ఇప్పుడు చెబుతాను. మీరు రెండు అంచులనూ నమస్కారం పెట్టినట్టు ఎదురెదురుగా పెట్టి, వాటి మీదుగా టేపును మడిచి వేశారు. లోపలి గాలి ఆ రెంటినీ విడదీయడానికి లాగుతున్నప్పుడు టేపు ఒలుచుకున్నట్టుగా ఊడి వస్తుంది. టేపు జిగురు పాలిథిన్‌ను అసలే గట్టిగా పట్టుకోదు, పైగా ఎడతెగని లాగుడుకు జిగురు మెల్లమెల్లగా జారుతుంది. వెంటనే ఊడకుండా అరగంట తర్వాత ఊడటానికి కారణం అదే. టేపు తప్ప దారి లేకపోతే ఒక షీటు మీదికి ఇంకో షీటును మూడు సెంటీమీటర్లు ఎక్కించి, లోపలా బయటా టేపు వేయండి. అప్పుడు లాగుడు టేపు తలం వెంబడి పడుతుంది, ఒలిచే బలం ఉండదు. ఇంకో సంగతి: గొట్టం లాంటి ఆకారంలో పొడవునా వెళ్ళే అతుకు మీద పడే లాగుడు, అడ్డంగా చుట్టూ తిరిగే అతుకు మీద పడేదానికి రెండింతలు. పొట్ట కింద పొడవునా వేసిన అతుకే ముందుగా విడిపోవడంలో ఆశ్చర్యం లేదు. అలాంటి అతుకులను వీలైనంత తక్కువ పెట్టుకొని, పెట్టినవాటికి రెట్టింపు శ్రద్ధ చూపండి. కాలికీ పొట్టకూ మధ్య ఉన్న సందు మొనదేలిన కోణంగా ఉంటే లాగుడంతా అక్కడే పోగుపడి చిరుగుతుంది. అక్కడ కనీసం ఐదు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పండి.

అసలైన అతుకు వేడితో వేసేది. తిన్నటి అతుకులకు మిక్స్చర్ ప్యాకెట్లు మూసే చేతి సీలింగ్ మెషిన్ చాలు. వంపులకు ఇస్త్రీపెట్టె కావాలి. నేను చేసే పద్ధతి వివరంగా రాస్తాను. నున్నటి చెక్క పలక మీద నూలు గుడ్డ పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేస్తాను. దానిపై రెండు షీట్లనూ దుమ్ము లేకుండా తుడిచి పరిచి, అతకవలసిన గీతను మార్కర్‌తో గీసి, మళ్ళీ పైన బేకింగ్ పేపర్ వేస్తాను. ఇస్త్రీపెట్టెను సిల్కుకూ ఉన్నికీ మధ్య ఉన్న వేడికి పెడతాను, ఎల్‌డీపీఈ దాదాపు 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెట్టె మొత్తాన్ని ఆనించను, దాని అంచుతో వేలెడు వెడల్పు మాత్రమే నొక్కుతూ, ఒక్కో జానకు నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ జరుపుతాను. రెండు పొరలు కలిసిపోయిన చోట షీటులో ఉన్న మసక తగ్గి, ఒకే పొర అయినట్టు నిగారింపు వస్తుంది, అది పేపర్ లోంచే కనిపిస్తుంది. వెంటనే తడి గుడ్డతో అదిమి చల్లారనిస్తాను. వేడిగా ఉండగానే పేపర్ ఒలిస్తే అతుకు సాగి పలుచబడుతుంది. చల్లారాక గోరుతో ఒక మూల లేపి లాగి చూస్తాను. పొరలు చర్రుమని విడివడితే వేడి చాలలేదు. అతుకు పక్కనే గీత గీసినట్టు తెగితే వేడి ఎక్కువైంది. అతుకు చెక్కుచెదరకుండా దానికి దూరంగా షీటు సాగి చిరిగితే సరిగ్గా కుదిరింది. ప్రతి కొత్త షీటు చుట్టకూ మొదట పది ముక్కల మీద ఈ పరీక్ష చేసి, వేడి గుర్తునూ లెక్కనూ ఆ చుట్ట మీదే రాసుకుంటాను. వంపులను ముందే కత్తిరించకుండా, గీసిన గీత మీద అతికేసి, ఆ తర్వాత ఒక సెంటీమీటరు బయటగా కత్తిరించడం చాలా తేలిక. కిటికీలు తెరిచి ఉంచి, ఫ్యాన్ గాలి చెక్క మీద పడకుండా చూసుకోండి.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఒకటుంది. గాలి నింపి మూతి కట్టేసే బొమ్మలు వద్దు, ఫ్యాన్ ఎప్పుడూ నడుస్తూ, అతుకుల్లోంచి కొంత గాలి కారిపోతూ ఉండే బొమ్మలే మేలు. నేను ఒకసారి పన్నెండు అడుగుల చేపను చేసి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు నిండుగా గాలి పట్టి, మూతిని వేడితో అతికేసి, మేడ మీద పెట్టాను. పదిన్నరకు మేడ మీద నుంచి బస్తా చినిగినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే వీపు వెంబడి మూడడుగుల మేర అతుకు తెగి ఉంది. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం దాదాపు 7 శాతం పెరగాలి. సాగని షీటులో అందుకు చోటు లేదు. ఆ తర్వాత నేను మూతి కట్టిన బొమ్మ చేయలేదు. తోకలోనో చెవి వెనకో రెండు వేళ్ళు పట్టేంత రంధ్రం వదిలేస్తే గాలి మారుతూ ఉంటుంది, లోపల ఆవిరి పట్టదు, ఒత్తిడీ హద్దులో ఉంటుంది.

గాలి ఎక్కడినుంచి వస్తుందన్నది కూడా శిల్పంలో భాగమే. అమెరికా కళాకారుడు మైకేల్ రాకోవిట్జ్ 1998 నుంచి ఇళ్ళు లేనివారి కోసం ప్లాస్టిక్ సంచులతో గుడారాలు చేశారు. పెద్ద భవనాలు బయటికి వదిలే వెచ్చటి గాలి వాటిని ఉబ్బించి నిలబెట్టేది. మొదటి నమూనా నల్ల సంచులతో చేస్తే, అందులో ఉండవలసినవారే తమకు బయట ఎవరు వస్తున్నారో కనిపించాలని కోరారు. దాంతో తర్వాతివి పారదర్శకంగా తయారయ్యాయి. న్యూయార్కులో జాషువా అలెన్ హ్యారిస్ 2008 ప్రాంతంలో సంచులతో జంతువులను చేసి, భూగర్భ రైలు దారి మీద ఉండే ఇనుప జాలీలకు అతికించేవారు. రైలు వెళ్ళినప్పుడు లేచిన గాలికి ఎలుగుబంటి కాళ్ళు నిలదొక్కుకొని లేచేది, రైలు వెళ్ళిపోగానే చప్పబడి నేల మీద పడేది. బొమ్మ పడిపోవడాన్ని లోపంగా చూడకుండా దాన్నే కథగా చేసుకున్న ఆ ఆలోచన మీకు ఉపయోగపడవచ్చు. ఫ్యానును ఆపుతూ వేస్తూ ఏనుగును పడుకోబెట్టి లేపితే, అది ఎప్పుడూ నిలబడి ఉండేదానికన్నా చూసేవారికి దగ్గరవుతుంది. రాత్రిపూట చూపించేటట్టయితే లోపల ఎల్‌ఈడీ దీపం పెట్టండి. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో వెనకనుంచి వచ్చే వెలుగు రంగుల్లోంచి ఎలా వడగట్టుకొని వస్తుందో, పాలలాంటి తెల్ల షీటులోంచి అలాగే వస్తుంది. వేడెక్కే పాత బల్బులు మాత్రం పెట్టకండి.

ఆరుబయట పెట్టే ముందు ఒక లెక్క చూసుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తన ఎదురుగా ఉన్నదాని మీద 60 పాస్కల్స్ ఒత్తిడి పెడుతుంది. మీ బొమ్మలో ఉన్నది 30 మాత్రమే. కాబట్టి గాలి తగిలే వైపు పొట్ట లోపలికి సొట్టపడుతుంది, అంతేకాక మొత్తం బొమ్మ మీద పది కిలోలకు పైగా తోపు పడుతుంది. గంటకు 18 కిలోమీటర్ల గాలికయితే ఆ ఒత్తిడి 15 పాస్కల్సే. మా ఊళ్ళో సముద్రపు గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది కాబట్టి నేను బయట ప్రదర్శనలను ఉదయమే పెట్టుకుంటాను. కట్టడానికి షీటుకు రంధ్రం చేయవద్దు, అక్కడినుంచే చిరుగుతుంది. టార్పాలిన్లు కట్టేవారు చేసినట్టు షీటు లోపలివైపు నుంచి గులకరాయిని ఆనించి, దాని మెడ చుట్టూ తాడు బిగించండి. ప్రతి కాలి దగ్గరా నీళ్ళు నింపిన 20 లీటర్ల క్యాను ఒకటి పెట్టి ఆ తాళ్ళను దానికి కట్టండి.

పిల్లల విషయంలో ఏ మాత్రం ఉపేక్ష వద్దు. పడిపోయిన పలుచని షీటు ముఖానికి అతుక్కుంటే ఊపిరాడదు. మనుషులు లోపలికి వెళ్ళే గుమ్మటం చేస్తే దానికి రెండు దారులు ఉండాలి, లోపల ఒక పెద్దమనిషి కత్తెర పట్టుకొని ఉండాలి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకొని ఉండాలి. పాలిథిన్ తేలికగా అంటుకుంటుంది, దీపారాధన జరిగే పందిట్లో పెట్టకండి. ఫ్యాన్ వైరుకు ఎర్తింగ్ ఉందో లేదో చూడండి, తడి నేల మీద పెట్టకండి.

ఇప్పుడు మీరు మొత్తం ఏనుగును మళ్ళీ చేయవద్దు. 22 అంగుళాల పాలిట్యూబుతో మూడడుగుల కాలు ఒక్కటే చేయండి. కింది కొసను మూసేసి, పైకొసకు గుండ్రటి బిళ్ళ అతికి, పక్కన ఫ్యాన్ గొట్టం తగిలించండి. పక్కకు వాలకుండా ఇద్దరు వేళ్ళతో ఆనించి పట్టుకొని, పైన పలుచని అట్ట పెట్టి, వంద గ్రాముల చొప్పున బరువులు ఉంచుతూ వెళ్ళండి. గోడ ముడతపడిన క్షణంలో అట్టతో కలిపి ఎంత బరువు ఉందో రాసుకోండి. 300 గ్రాముల దగ్గర మడతపడితే మీ ఫ్యాన్ 30 పాస్కల్స్ ఇస్తున్నట్టు, 500 దాకా మోస్తే 50 ఇస్తున్నట్టు. లెవెల్ పైపులో కనిపించే అంకె దీనితో కలుస్తుందో లేదో కూడా చూడండి. ఆ రెండు అంకెలూ, మీకు కావలసిన తొండం పొడవూ నాకు రాస్తే, తొండం ఐదు ముక్కలకూ కోత గీతలు లెక్కకట్టి ఇస్తాను.